ఒకే పేరు, రెండు నంబర్లు

1985 జూలై 1, సోమవారం, ఉదయం తొమ్మిదింబావు. మద్దిలపాలెం బస్సు డిపో ఎదురు సందులో, సైకిల్ షాపు మేడ మీద ఉండేది మా బ్యూరో. ఆ పొద్దున పంచింగ్ మిషన్ల మీద గుడ్డలు కప్పేసి, మా ఆపరేటర్లు ఆరుగురినీ బెంచీల మీద కూర్చోబెట్టారు. గోడకి కొత్తగా ఒక నల్లబల్ల కొట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ దాని మీద సుద్దముక్కతో గళ్లు గీసి, “దీన్ని టేబుల్ అంటాం” అన్నారు. అక్కడ మొదలైంది.

బ్యూరో అంటే పెద్ద సంస్థేమీ కాదు. పక్క ఆఫీసుల జీతాల పట్టీలు, సరుకుల లెక్కలు తెచ్చుకుని, అట్టకార్డుల మీద చిల్లులు కొట్టి, మిషన్‌లో వేసి, అచ్చు తీసి ఇచ్చేవాళ్లం. నేను 1974లో చేరాను. అప్పటికి నాకు ఇరవై ఏడు. పెళ్లి చేసుకోలేదు, దానికి ఈ కథలో పని లేదు. పదకొండేళ్లు కార్డులు కొట్టాక, ఓనరు గారు కొత్త కంప్యూటర్ కొన్నారు. దానికొక చల్లటి గది కట్టించారు. కంప్యూటర్ కొనడానికి కారణమైన పని ఒకటే. ఉక్కు కర్మాగారం కోసం భూములు పోయిన ఊళ్ల కుటుంబాల జాబితా అంతకుముందు రెండు సర్వేల్లో కార్డుల మీదికి ఎక్కింది. ఇప్పుడు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు కాబట్టి, ఎవరిని ముందు పిలవాలో ఆ జాబితా చూసే తేలుతుంది.

అలా భూమి పోయిన ఇళ్లల్లో మాది ఒకటి. పిలుపు రావలసినవాడు నా తమ్ముడు.

మా నాన్న ముందే పోయాడు. భూమి తాత పేరు మీద ఉండేది. ఊరు ఖాళీ చేశాక మూడేళ్లకి తాతా పోయాడు. మిగిలింది అమ్మ, నేను, తమ్ముడు. డిపో వెనక రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. తమ్ముడు ఒక కాంట్రాక్టర్ కింద రేవు గోదాముల్లో బస్తాలు మోసేవాడు. పని ఉన్న రోజు కూలి, లేని రోజు లేదు. ముప్పై నిండితే పిలుపు రాదని నియమం. 1986 అక్టోబరు 14కి వాడికి ముప్పై నిండుతాయి. ఇంట్లో అందరికీ తెలిసిన తేదీ అది.

“అప్పా, మీ మిషనులో నా పేరు ఎక్కించేటప్పుడు కొంచెం పైన ఎక్కించు,” అనేవాడు వాడు అన్నం తింటూ. మా వైపు అక్కని అప్పా అంటారు.

“అక్కడ పైనా కిందా ఉండవురా. నంబరు ఉంటుంది.”

“మరైతే నాకు ఒకటో నంబరు. ఉక్కునగరంలో కోటరు, మేడ మీద. అమ్మకి మెట్లెక్కితే మోకాళ్లు నొప్పి. అప్పుడేటి సేత్తావ్?”

“ముందు ఉద్యోగం రానీరా, బుల్లోడా,” అనేది అమ్మ. “మెట్ల సంగతి నాను సూసుకుంటాను.”

బుల్లోడు అనేది వాడి పేరు కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

క్లాసు రోజూ రెండు గంటలు, ఆరు వారాలు. నాకు అది నచ్చింది. లెక్క కుదరని చోట నాకు స్థిమితం ఉండదు. కార్డుల్లో అలాంటి చోట్లు చాలా ఉండేవి. ఒక రైతుకి ఐదు చోట్ల భూమి ఉంటే ఐదు కార్డులు కొట్టేవాళ్లం. ఐదింటి మీదా అతని పేరు, తండ్రి పేరు, ఊరు, కొత్త కాలనీలో ఇంటి నంబరు మళ్లీ మళ్లీ కొట్టాలి. ఇల్లు మారితే ఐదూ మార్చాలి. నాలుగు మార్చి ఒకటి మరిచిపోతే? ఇన్‌స్ట్రక్టర్ గారు మొదటి వారం అడిగిన ప్రశ్న అదే.

“నాలుగు కార్డులు ఒక మాట చెప్తున్నాయి, ఒకటి ఇంకో మాట చెప్తోంది. ఏది నిజం మేడమ్?”

“ఎక్కువ కార్డులు చెప్పిందే,” అంది నా పక్కన కూర్చున్న అమ్మాయి.

“ఓట్లేస్తారా?” అన్నారు ఆయన. అందరం నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు. “ఒక సంగతి ఒక్కచోటే రాయాలి. ఇంకోచోట కావలసి వస్తే, అది ఎక్కడుందో చెప్పే నంబరు రాస్తే చాలు.”

బల్ల మీద ఉన్న ఒక్క పెద్ద పట్టికని చెరిపి మూడు గీశారు. మనిషికి ఒకటి, కుటుంబానికి ఒకటి, భూమికి ఒకటి. మనిషి వరుసలో కుటుంబం నంబరు ఉంటుంది, భూమి వరుసలో కూడా ఉంటుంది. ఇల్లు మారితే కుటుంబం పట్టికలో ఒక్కచోట దిద్దితే చాలు. ఐదు కార్డుల చాకిరీ ఒక్క గడిలోకి వచ్చింది. నేను ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి కూరగాయల కాగితం వెనక అవే మూడు గీసి చూసుకున్నాను. మా ఇంటి సంగతి ఎక్కించాను. తాత, అమ్మ, నేను, తమ్ముడు: నాలుగు వరుసలు. భూమి: రెండు వరుసలు. ఏదీ రెండుసార్లు రాయవలసిన అవసరం రాలేదు.

నా పక్కన కూర్చునే అమ్మాయి సంగతి చెప్పాలి. యారాడలో సముద్రం మీద వేటకెళ్లే ఇంటి పిల్ల. టైపు పాసై మా దగ్గర చేరింది. రోజూ కొండ దిగి, బోటులో రేవు ఛానల్ దాటి, బస్సెక్కి, అందరికన్నా ముందు వచ్చేది. నన్ను అక్కా అనేది. మా ఇంటికి వచ్చేది, అమ్మ చేతి గంజన్నం తినేది. తమ్ముడిని వేళాకోళం ఆడేది.

రెండో వారంలో కీ గురించి పాఠం. పట్టికలో ప్రతి వరుసనీ మిగతా వరుసల్లోంచి విడిగా గుర్తుపట్టించే గడిని కీ అంటారు. అది ఏ రెండు వరుసల్లోనూ ఒకటిగా ఉండకూడదు, ఖాళీగా ఉండకూడదు.

“మనిషి పట్టికకి కీ ఏది పెడదాం?” అన్నారు ఇన్‌స్ట్రక్టర్ గారు. “ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు. నాలుగూ కలిపితే చాలదా?”

యారాడ పిల్ల కిసుక్కున నవ్వింది. “సార్, మా ఊరొచ్చి ఒడ్డున నిలబడి మా నాన్న పేరు పిలవండి. పడవలో సగం మంది తిరిగి సూత్తారు. ఇంటిపేరూ అదే.”

“తండ్రి పేరు కలిపితే?”

“కలిపినా ఇద్దరు ముగ్గురు ఉంటారండి,” అన్నాను నేను. లేచి బల్ల దగ్గరికెళ్లి మా వైపు ఊళ్లలో పద్ధతి గీసి చూపించాను. మాకు పెద్ద కొడుక్కి తాత పేరు పెడతారు. కాబట్టి తాత పేరు ఒకటి, తండ్రి పేరు ఇంకొకటి, మనవడికి మళ్లీ తాత పేరే. తాత తండ్రి పేరు కూడా ఆ రెండోదే. అంటే తాత ఫలానా, ఫలానా వారి కొడుకు. మనవడూ అక్షరం తేడా లేకుండా అదే ఫలానా, అదే ఫలానా వారి కొడుకు. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే. నాలుగు గడులూ కలిపినా తాతనీ మనవడినీ విడదీయలేవు.

ఆయన ఆ గీతలు చూసి, “మా వైపు కూడా ఇంతే. ఎప్పుడూ ఆలోచించలేదు,” అన్నారు. కింద పెద్ద అక్షరాలతో రాశారు: మనిషి నంబరు. “ఇది మనిషి గురించి ఏమీ చెప్పదు. పేరు చెప్పదు, ఊరు చెప్పదు. అందుకే మారదు. కీకి అర్థం లేకపోవడమే మంచిది.”

ఆ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను.

అదే రోజు నేనింకో ప్రశ్న అడిగాను. మనం నంబరు ఇస్తున్నది కార్డుకి. 1975 సర్వేలో ఉన్న మనిషి 1980 సర్వేలోనూ ఉంటే అతనికి రెండు కార్డులు, కాబట్టి రెండు నంబర్లు వస్తాయి. అప్పుడు ఒకే మనిషి ఇద్దరవుతాడు కదా?

“అవుతాడు,” అన్నారు. “ఆ రెండూ ఒకరేనా, ఇద్దరా అన్నది మిషన్ చెప్పలేదు. తెలిసినవాళ్లని అడగాలి.”

ఆరో వారం చివర, ఆగస్టు 9న, మాకు ఫ్లాపీల గురించి చెప్పి వెళ్లిపోయారు. నల్లటి పల్చటి బిళ్లలు, అట్ట కవర్లలో. అరచేతిలో పట్టే ఒక బిళ్లలో పెట్టెడు కార్డుల సంగతి పడుతుందంటే ఎవరూ నమ్మలేదు. చెప్పిన జాగ్రత్త ఒకటే: పాతదాని మీద కొత్తది రాస్తే పాతది ఇక ఉండదు. కార్డు మీద తప్పు చిల్లు పడితే అది అలా కనిపిస్తూనే ఉంటుంది. బిళ్ల మీద తప్పు కనిపించదు. అందుకని మూడు నకళ్లు ఉంచండి, ఒకటి వేరే చోట పెట్టండి అన్నారు. ఓనరు గారు తలూపారు. ఫ్లాపీ ఖరీదు ఎక్కువ. ఒక్క నకలు కొన్నారు.

అక్టోబరు ఆఖరుకి కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. తర్వాత రెండేసి నంబర్లు వచ్చినవాళ్లని ఏరే పని. నాలుగు పేర్ల గడులూ ఒకటిగా ఉన్న జతలన్నీ మిషన్ అచ్చు తీసి ఇచ్చింది. కీ కాదని మేం పక్కన పెట్టిన ఆ నాలుగు గడులే మళ్లీ వచ్చి ముందు కూర్చున్నాయి. మొదటి సర్వేలో భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లనే రాశారు, వయసు అడగలేదు, అందుకని అచ్చులో వయసు లేదు. కాగితం కలిసి రావాలని మిగతా గడులూ తీసేశారు. పక్కపక్కన రెండు నంబర్లు, ఒకే పేరు, చివర ఒక ఖాళీ. ఒకరే అయితే అక్కడ టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టిన జతలో పాత నంబరు ఉంటుంది, కొత్తది పోతుంది.

ఊళ్లవారీగా కాగితాలు పంచుకున్నాం. ఆ ఊరివాళ్లని వెతికి అడిగి తెలుసుకోవాలి. ఎవరి ఊరి కాగితం వాళ్లు చూడకూడదని ఒక నియమం పెట్టాం. ఉద్యోగాల జాబితా కాబట్టి, మావాళ్లకి మేం మేలు చేసుకున్నామన్న మాట రాకూడదు. ఆ నియమం ముందు అన్నది నేనే. ఇప్పుడు అడిగినా అదే అంటాను. మా ఊరి కాగితం యారాడ పిల్లకి వెళ్లింది.

నవంబరులో ఒక ఆదివారం ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా ఊరివాళ్లు కాలనీల్లోకి చెదిరిపోయారు, ఊరందరి సంగతీ తెలిసిన మనిషి మా అమ్మే. అడగడానికి సరైన చోటుకే వచ్చింది. నేను అక్కడ ఉండకూడదు గనక కిరసనాయిలు డబ్బా తీసుకుని డిపో దగ్గర క్యూకి వెళ్లిపోయాను. అందుకని తర్వాత జరిగింది ఆ పిల్ల నాకు చెప్పినదే.

తమ్ముడు ముందు రోజు రాత్రి ఓడ పనికి వెళ్లి వచ్చి, వసారాలో చాప మీద నిద్రపోతున్నాడు. ఆ పిల్ల వాడి కాళ్లు దాటుకుని లోపలికెళ్లింది.

“ఏటే, బుల్లోడిని లేపకు. తెల్లారగట్ల వొచ్చేడు,” అంది అమ్మ.

“లేపనమ్మా. నీతోనే పని. పేర్లు సదువుతాను, ఆళ్లు ఎవులో సెప్పు.”

ఒక్కో పేరూ చదివింది. అమ్మ చేట్లో బియ్యం ఏరుకుంటూ చెప్పింది. ఇతను ఒక్కడే, రెండుసార్లు రాసుకున్నారు. ఇద్దరూ వేరు, ఒకడు మేనమామ దగ్గర పెరిగాడు. ఇతనా, ఇతని పెళ్లికి నేనూ వెళ్లాను. నలభై పేర్లు దాటాక, మా ఇంటిపేరు వచ్చింది. ఆ పిల్ల మా తాత పేరు పైకి చదివింది.

అమ్మ చేట కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుంది.

“మా మావగారే.”

“పోయారు కదమ్మా?”

“పోయారు.”

“ఆ పేరున మీ ఇంట్లో మరెవులైనా ఉన్నారేటి?”

“ఆ పేరున ఇంకెవులుంటారే? ఒక్కరే. మా ఇంటికి ఆయనే పెద్ద.”

ఆ పిల్ల టిక్కు పెట్టింది.

ఇక్కడ బుల్లోడి సంగతి చెప్పాలి. మామగారి పేరు కోడలు పలకకూడదు. మా ఇళ్లల్లో అది చదువుకున్నవాళ్లకీ, చదువుకోనివాళ్లకీ ఒకటే. తమ్ముడు పుట్టగానే తాత పేరు పెట్టారు. తాత బతికే ఉన్నాడు. మా ఊళ్లో అలా బతికుండగానే పెట్టేవారు. యారాడలో పెద్దాయన పోతేగాని ఆ పేరు ఇంకొకరికి పెట్టరని తర్వాత ఆ పిల్ల చెప్పింది. పెట్టిన పేరుతో తమ్ముడిని పిలవడానికి అమ్మకి నోరు రాదు. అందుకని వాడు బుల్లోడయ్యాడు. అమ్మ అన్నదే నాన్న అన్నాడు, నేనన్నాను, వీధి అంతా అంది. వాడి అసలు పేరు బడి రిజిస్టరులోనూ, సర్వే కార్డులోనూ తప్ప ఎవరి నోటా వినిపించలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో అమ్మ ఒక్కసారి కూడా కన్నకొడుకు పేరు పలకలేదు. ఆ పేరు వినగానే ఆవిడకి కనిపించేది తాతే. ఆవిడ అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి తనకి తెలిసిన జవాబు చెప్పింది.

వసారాలో ఉన్నవాడు నిద్రలో అటు తిరిగి పడుకున్నాడట. వెళ్లేటప్పుడు ఆ పిల్ల మళ్లీ వాడి కాళ్లు దాటుకునే వెళ్లింది.

డిసెంబరులో టిక్కులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. మా ఇంటి పాత నంబరు 1975లో రాసుకున్న తాతది, రెండో సర్వే నాటికే పోయాడు కాబట్టి దాని స్థితి గడిలో మృతి అని ఉంది. అది మిగిలింది. కొత్త నంబరు 1980లో రాసుకున్న తమ్ముడిది, పోయింది. ఒక వరుస తీసేస్తే పట్టికలో ఖాళీ కూడా కనిపించదు, మిగతా వరుసలు దగ్గరికి జరిగి కూర్చుంటాయి. జనవరిలో నకలు ఫ్లాపీల మీద వేరే ఆఫీసు జీతాల పట్టీ రాశారు. అదే నెల కార్డుల పెట్టెలు తూకానికి అమ్మేశారు. రామకృష్ణా బీచ్‌లో మరమరాల మిక్చరు అమ్మేవాళ్లు ఆ వేసవంతా మా కార్డులనే మడిచి చెంచాల్లా ఇచ్చారు. తమ్ముడు ఒకటి తెచ్చి చూపించి నవ్వాడు.

“సూడప్పా, నువ్వు కొట్టిన సిల్లుల్లోంచి నూనె కారిపోతంది.”

1986 జూన్ 16, సోమవారం, పిలుపుల జాబితా బోర్డు మీద అంటించారు. తమ్ముడూ, వాడు బావ అని పిలిచే పక్కింటి కుర్రాడూ కలిసి వెళ్లారు. ఆ కుర్రాడి పేరు ఉంది. తమ్ముడిది లేదు. సాయంత్రం బ్యూరో మెట్ల దగ్గర నా కోసం నిలబడ్డాడు. చేతిలో అరటిపళ్లు, ఆ కుర్రాడు కొనిచ్చినవి.

“బావకి వొచ్చిందప్పా,” అన్నాడు. “నాది కింద ఎక్కడో ఉంటాది, సరిగ్గా సూడలేదేమో.”

నేను పైకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా కుటుంబం నంబరు నాకు నోటికొచ్చు. ఆ నంబరున్న వరుసలన్నీ చూపించమన్నాను. అమ్మ ఉంది. నేను ఉన్నాను. తాత ఉన్నాడు. మూడు వరుసలు. కూరగాయల కాగితం వెనక నేను నాలుగు గీశాను.

యారాడ పిల్ల బోటుకి వేళవుతోందని సంచీ సర్దుకుంటోంది. నా వెనక నిలబడి తెర చూసింది.

“అక్కా,” అంది. “బుల్లోడి పేరు ఏటి?”

నేను పేరు చెప్పాను.

ఆ పిల్ల సర్దుకున్న సంచీ కింద పెట్టేసింది. ఏడవలేదు. “ఆడి కాళ్లు దాటుకునెళ్లేను,” అంది. ఆ మాటే మళ్లీ అంది. చివరి బోటు వెళ్లిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది.

పోయిన వరుసని మళ్లీ ఎక్కించడం రెండు నిమిషాల పని. ఏం చూసి ఎక్కించాలి అన్నదే ప్రశ్న. ఓనరు గారు మంచి మనిషే. కార్డు చూపించు ఎక్కిస్తానన్నారు. కార్డు లేదు. ఫ్లాపీ మీద వేరే వాళ్ల జీతాలు ఉన్నాయి. జాబితా చూసుకునే ఆఫీసుకి వెళ్తే, అక్కడి గుమస్తా మర్యాదగా కూర్చోబెట్టి, ఆ నంబరుకి ఎదురుగా ఉన్నది చదివాడు.

“మృతి అని ఉందండి.”

“అది మా తాత,” అన్నాను.

“ఈయన పేరు?”

తమ్ముడు పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. గుమస్తా కాగితం చూశాడు, వాడిని చూశాడు.

“అదే కదండీ ఇక్కడున్నదీ?”

“నాను సచ్చిపోయేనని మీ కాయితం సెప్తందేటండి?” అన్నాడు తమ్ముడు. “పొద్దున్నే సెప్పుంటే పనికెల్లకుండా పడుకుందును.”

గుమస్తా నవ్వాడు, వెంటనే ఆపుకున్నాడు. బడి రిజిస్టరు చెల్లదని, 1980 సర్వేలో ఇంటింటికీ వచ్చి రాసుకున్న అసలు కాగితం, వేలిముద్రతో ఉన్నది, తెప్పిస్తే దిద్దుతామన్నాడు. అవి వేరే ఊళ్లో, వేరే రికార్డు గదిలో కట్టలు కట్టి ఉన్నాయి. అర్జీ పెట్టాం. జూలైలో ఒకటి, ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో రెండు. నేను రెండుసార్లు ఆ ఊరు వెళ్లి వచ్చాను. కట్టలు ఊళ్లవారీగా లేవు, రాసిన మనిషివారీగా ఉన్నాయి. ఏ గడి పట్టుకుని వెతకాలో చెప్పే కీ ఆ గదికి లేదు.

అక్టోబరు 14 వచ్చింది. వాడు మామూలుగా పనికి వెళ్లి వచ్చాడు. అమ్మ పాయసం చేసింది. కాగితం నవంబరు 27న దొరికింది. దిద్దారు. వాడు బతికే ఉన్నాడని ఒప్పుకున్నారు. పుట్టిన తేదీ కూడా అందులోనే ఉంది, వయసు దాటిందని అదే కాగితం చూసి చెప్పారు.

“అమ్మకి సెప్పకప్పా,” అన్నాడు ఆ రోజు తిరిగొస్తూ బస్సులో. “ఆ పిల్లకీ సెప్పు, అమ్మ దగ్గర నోరిప్పొద్దని. ఎవుడో లంచం తినేసేడు అనుకోనీ. అది సులువు.”

అమ్మ అలాగే అనుకుంది. 1994లో పోయేదాకా ఆ లంచం తిన్నవాడిని తిట్టింది. వాడెవరో ఆవిడకి తెలియదు, ఉంటేగా తెలియడానికి.

తమ్ముడు గోదాముల్లోనే ఉండిపోయాడు. ఆ సంవత్సరం నుంచి ఎక్కువగా ఎరువుల బస్తాల పని. 1988 వేసవిలో దగ్గు పట్టుకుంది. ఉద్యోగం ఉన్నవాళ్లకి ఉక్కునగరంలో ఆసుపత్రి కార్డు ఉంటుంది. పక్కింటి బావ తన కార్డు మీద వీడిని చూపించడానికి తీసుకెళ్లాడు. కౌంటరులో పేరు అడిగారు. బావ తన పేరు చెప్పమన్నాడు. వీడు చెప్పలేదు, వెనక్కి వచ్చేశాడు.

“ఒకరి పేరు మోసింది సాల్లే బావా,” అన్నాడట.

పెద్దాసుపత్రిలో టీబీ అన్నారు. మందులు వాడాడు, పని ఉన్న రోజుల్లో మానేశాడు, మళ్లీ వాడాడు. 1989 ఫిబ్రవరి 3, శుక్రవారం, పొద్దున ఆరింటికి పోయాడు. శ్మశానంలో రిజిస్టరు రాసే అతను పోయినవాడి పేరు అడిగాడు. బుల్లోడు అన్నారు వెంట వచ్చిన వీధివాళ్లు. అసలు పేరు నేను చెప్పాను. ఇంట్లో అమ్మ అప్పటికీ బుల్లోడా అనే ఏడుస్తోంది.

యారాడ పిల్ల ఆ నెలలోనే ఉద్యోగం మానేసింది. ఇప్పటికీ ఏడాదికోసారి ఎండుచేపలు పంపిస్తుంది, తను రాదు. నేను ఆ పనిలోనే 2005 దాకా ఉన్నాను. పట్టికలు గీయడం చాలామందికి నేర్పాను. జతలు కలిపే చోట టిక్కు పెట్టే ముందు ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, ఒక్కొక్కరినీ చూపించి ఇతన్ని ఏమని పిలుస్తారు, బడిలో ఏం పేరు రాశారు అని రెండూ అడగమనేదాన్ని. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పోయినవాటి లెక్క ఇది.

భూమి, రెండు చోట్ల కలిపి రెండెకరాల ముప్పై సెంట్లు. ఇల్లు ఒకటి. తాటిచెట్లు పదకొండు.

కార్డుల పెట్టెలు ముప్పై ఎనిమిది.

మా ఊరి కాగితంలో టిక్కు పడిన జతలు నలభై మూడు. అందులో తాతా మనవళ్లు తొమ్మిది జతలు, ఆ మనవళ్లందరికీ ముద్దుపేర్లే వాడుక. సమయానికి దిద్దించుకున్నవాళ్లు ఇద్దరు. మిగతా ఏడుగురికి వయసు దాటింది.

మనుషుల పట్టికలో మా ఇంటివి నాలుగు వరుసలు. ఇప్పుడు మృతి అని లేనిది ఒకటి.

తమ్ముడు ఒకడు, ముప్పై రెండేళ్ల మూడు నెలల ఇరవై రోజుల వయసు.

వాడికి పెళ్లి కాలేదు. పేరు ఒకటి. తర్వాత ఎవరికీ పెట్టలేదు.